వట్టి కోడికూర

జూన్ 16, సోమవారం

నిన్న ఆరాధనకి గంగులు రాలేదు. వేట నిషేధం అయిపోయింది కదా, రెండు నెలల తర్వాత బోట్లు నీళ్లలో దిగే రోజు సరిగ్గా ఆదివారమే పడింది. "సముద్రానికి ఆదివారం తెలీదురా" అని మా పాస్టరు ధనరాజ్ అయ్యగారు నవ్వేశారు. సంఘ పెద్ద గిరిబాబు గారు మాత్రం నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో ఈరోజు తెలిసింది.

శనివారం సాయంత్రం బోటు యజమాని నరసింగరావు ఇసకలో గంగమ్మకి కోడిని కోశాడు. ఏటా కోస్తాడు. ఆ కూరా అన్నమూ ఒకే కుండలో కలిపి, బోటెక్కే వాళ్లందరికీ తన చేత్తో తలో ముద్ద పెడతాడు. ముద్ద తిననివాడు బోటెక్కకూడదు. గంగులు ఏటా ఆ వేళకి ఏదో ఒక జ్వరం తెచ్చుకుని, మర్నాటి నుంచి మెల్లగా ఎక్కేవాడట. ఈ ఏడు నరసింగరావు ఆ జ్వరాన్ని నమ్మలేదు. గంగులు తిన్నాడు. ఆ కూర వండింది గంగులు భార్య గున్నమ్మ.

అంతే జరిగింది. కోడికూర. దానికి పెద్దలు మీటింగు పెడతారట!

కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రిక తీశాను. ఎనిమిదో అధ్యాయం. అక్కడా అచ్చం ఇదే గొడవ, విగ్రహాల ముందు పెట్టిన మాంసం తినొచ్చా అని. విగ్రహమనేది లోకంలో ఏమీ కాదు, తినకపోతే తగ్గేదీ లేదు, తింటే పెరిగేదీ లేదు అంటాడు పౌలు. నా ట్రంకుపెట్టెలో ఉన్న ఐదు రూపాయల వాక్య వివరణ పుస్తకాలన్నీ కలిపినా ఇంత సూటిగా చెప్పలేదు.

జూన్ 17

ఎనిమిదో అధ్యాయం చాలు. గెలిచాం.

జూన్ 18, బుధవారం

గంగులు ఇంటికి వెళ్లాను. గున్నమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది.

"రండి బాబూ. తిట్టడానికొచ్చినారా, పార్దన సెయ్యడానికొచ్చినారా?"

"రెండింటికీ కాదు. అసలేం జరిగిందో అడుగుదామని."

"ఏటి జరిగినాది? నరసింగరావు పెళ్లాం రాణికి నడుం పట్టీసినాది. 'ఒసే గున్నమ్మా, నీ సెయ్యి మంచిది, ఈ పూటకి రాయే' అన్నాది. ఎల్లినాను, వండినాను. నోట్లో మాత్రం ఏసుకోనేదు. ఉప్పు కూడా సూణ్ణేదు."

లోపల్నుంచి గంగులు అందుకున్నాడు. "అది మాత్రం నిజం సిన్నయ్యగోరూ! ఆ ఉప్పుకి ముద్ద మింగలేక సచ్చినాం. 'తల్లి ఈ ఏడు మనల్ని ఒడ్డు మీదే ముంచీసినాది' అన్నాడు నరసింగరావు."

"నువ్వు మాటాడకు. తిన్నోడివి."

గంగులు నవ్వుతూ బయటికొచ్చి కూర్చున్నాడు. అసలు ప్రశ్న అడిగాను. ఎందుకు తిన్నావు? క్రీస్తులో నీకున్న స్వేచ్ఛని బట్టేనా?

"ఏటి స్వేచ్ఛ? ఆకలేసినాది. రెండు నెలలు వేట నేదు. ముద్ద తింటే బోటెక్కుతాను, నేకపోతే ఒడ్డున కూకుంటాను. దేవుడికి తెల్దేటి?"

"ఆ మాటే పెద్దలతో చెప్పొచ్చు కదా!"

"సెప్తే సాక్ష్యం సెప్పమంటారు. మైకు నా సేతికిస్తారు. నాకు తుపానంటే బయ్యం నేదు గానీ మైకంటే బయ్యం. పోనీండి, కొన్నాళ్లు ఎనక సెప్పుల కాడ కూకోమంటారు. కూకుంటాను. అక్కడ గాలి కూడా బాగా వస్తాది."

గున్నమ్మ నవ్వలేదు. చేపని అటు తిప్పి, మళ్లీ అదే చేపని ఇటు తిప్పింది.

"ఈయనకేటి, ఎనక కూకుని నిద్దరోతాడు. ప్రభువు బల్లకి రొట్టె సేసేది నాను కదా బాబూ. మందిరం కట్టిన కాడ్నుంచి నానే. ఇంక నా సేతి రొట్టే నన్ను దాటుకుని ఎల్లిపోతాది."

ఈ మాట పెద్దలకి వినిపించాలి. వినిపించి తీరతాను.

జూన్ 19

పదో అధ్యాయం చదవకుండా ఉండాల్సింది.

అదే పౌలు, అదే పత్రిక. రెండు బల్లల దగ్గర తినడం కుదరదు అంటున్నాడు. ఒకే రొట్టెలో పాలు పంచుకుంటాం కాబట్టి అందరం ఒకే శరీరం అంటున్నాడు. ఎనిమిదిలో మాంసం వట్టి మాంసమే అన్నవాడికి పదికి వచ్చేసరికి ఏమైంది?

కోపంగా రెండు సార్లు చదివాను. మూడోసారి మాత్రం వేరే సంగతి తట్టింది. ఒకే కుండలో తిన్నవాళ్లే ఒకే బోటు అని నరసింగరావు కూడా అంటున్నాడు కదా? కలిసి తింటే ఒకటైపోతాం అని ఈ ఇద్దరికీ ఎలా తెలిసింది? ఒకరి సంగతి ఒకరు ఎరగరే!

అదే అధ్యాయంలో ఇంకా కిందికి వెళ్తే, ఎవరైనా భోజనానికి పిలిస్తే వెళ్లండి, పెట్టింది తినండి, ఎక్కడిదని విచారించకండి అనీ ఉంది. దాని కింద పెన్సిల్‌తో గీత గీశాను. ఆదివారానికి పనికొస్తుంది. రెండు బల్లల మాట ఎత్తను. అది వేరే సందర్భం.

జూన్ 22, ఆదివారం

పెద్దల తీర్మానం గిరిబాబు గారు చదివారు. గంగులు, గున్నమ్మ ఇద్దరూ క్రిస్మస్ దాకా బల్లకి దూరం, రొట్టే రసమూ ముట్టకూడదు. గంగులు తల వంచుకుని కూర్చున్నాడు. గున్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను లేచాను. గిరిబాబు గారి ముందున్న మైకు అందుకున్నాను.

"విగ్రహం ఏమీ కాదని పౌలే రాశాడు. గంగమ్మ లేదు! లేనిదానికి పెట్టింది వట్టి కోడికూర! వట్టి కోడికూర తిన్నందుకు మనిషిని ప్రభువు బల్ల నుంచి లేపేస్తారా? గిరిబాబు గారూ, మీరెప్పుడైనా ఆకలితో ఒడ్డున కూర్చున్నారా?"

గిరిబాబు గారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

జవాబు ఉంటే చెప్పేవారు కదా.

జూన్ 23

నిన్న నేను కోపంతో మాట్లాడలేదు. న్యాయంగా మాట్లాడాను. నా గొంతే పెద్దది, అంతే.

ఆగస్టులో పాస్టరుగా నా అభిషేకం ఉంటుందా ఊడుతుందా అని అయ్యగారి భార్య పద్మకుమారి అమ్మగారు దిగులు పడుతున్నారు. అయ్యగారు కాదు, అమ్మగారే. అయ్యగారు నాతో మాట్లాడటం లేదు.

జూన్ 24

మందిరం మీద కొమ్ము మైకు, అదే లౌడ్‌స్పీకరు, ఉంది. ఆ సంగతి నాకు తెలియదా? ప్రతి ఆదివారం నేనే ఆన్ చేస్తాను.

గంగమ్మ లేదు అని నేను మందిరంలో ఉన్న నలుగురికి చెప్పలేదు. రేవంతటికీ చెప్పాను. వలలు సర్దుకుంటున్న వాళ్లకీ, చేపల గంపలు ఎత్తుకుంటున్న ఆడవాళ్లకీ, నరసింగరావుకీ.

నిన్న తెల్లవారి గంగులు బోటు దగ్గరికి వెళ్తే నరసింగరావు అన్నాడట: "మీ సిన్న పాస్టరు తల్లి నేదన్నాడు. నేని తల్లి ముద్ద తిన్నోడివి, నా బోటులో నీకు సోటు నేదు. పో."

గంగులు వాకిట్లో వల ముందేసుకుని కూర్చున్నాడు. చేతులు ఆడటం లేదు. నన్ను చూసి తిట్టలేదు.

"మీరు నన్ను బాగా రచ్చించినారు సిన్నయ్యగోరూ. బల్లా పోనాది, బోటూ పోనాది."

గున్నమ్మ బయటికి రాలేదు. తలుపు వెనకాలే ఉంది. గాజుల చప్పుడు వినిపించింది.

జూన్ 25

నేను చెప్పింది తప్పు కాదు. మైకు తప్పు.

జూన్ 26, గురువారం

మైకు తప్పు కాదు.

అయ్యగారు సైకిల్ చైను ఊడితే ఎక్కిస్తూ, నా వైపు చూడకుండా అన్నారు.

"గిరిబాబుని ఏటడిగినావురా ఆవేళ?"

నేను సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నాను.

"ఒడ్డున ఆకలితో కూకున్నావా అని కదూ? కూకున్నాడు. నాను ఈ ఊరొచ్చిన కొత్తలో బాప్తీస్మం తీసుకున్నాడు. ఆ ఏడే ముద్ద తిననన్నాడు. నరసింగరావు బాబు, వాడి తండ్రి, బోటు నుంచి దింపీసినాడు. ఇంకే బోటోడూ ఎక్కించుకోలేదు. చోడి అంబలికి కూడా గతి లేదు. 'ముద్ద తినీ మావా, తర్వాత పార్దన సేసుకుందువు' అని పెళ్లాం కాళ్లు పట్టుకున్నాది. తిన్నేదు. ఆయమ్మ పుట్టింటికెల్లిపోనాది. మరి రానేదు. వీడు నరసన్నపేట ఎల్లి వలల కొట్లో కూలికి కుదిరినాడు. ఇప్పుడు ఆ కొట్టు వాడిదే, అది వేరే సంగతి."

చైను ఎక్కింది. పెడలు తిప్పి చూసుకున్నారు.

"వాడు పెళ్లాన్ని ఒదులుకుని మరీ తినకుండా కూకున్న ముద్ద అది. నువ్వు మైకులో వట్టి కోడికూరన్నావు."

ఎనిమిదో అధ్యాయం మళ్లీ తీశాను. నేను చదవకుండా దాటేసింది అందులోనే ఉంది. నీ తెలివి వల్ల నీ సహోదరుడి మనస్సాక్షికి దెబ్బ తగిలితే ఆ తెలివి ఎందుకు అంటాడు పౌలు. ఆ బలహీనుడైన సహోదరుడు గంగులే అనుకున్నాను ఇన్నాళ్లూ. గిరిబాబు గారు కావచ్చని ఒక్కసారైనా తట్టలేదు. ఆయన కళ్లజోడు చూస్తే ఎవరికి తడుతుంది?

జూన్ 28, శనివారం

నరసన్నపేట. ఎండు నల్లద్రాక్ష కొనడానికి వెళ్లాను, ఆరో తేదీ ఆదివారం బల్ల ఉంది, రసం కాచాలి. అందుకే వెళ్లాను. గిరిబాబు గారి కొట్టు దారిలోనే ఉంది. (దారిలో లేదు. రెండు వీధులు అవతల ఉంది.)

"ఏటి, ఇంకో వాక్యం సెప్పడానికొచ్చినావా?"

"క్షమాపణ అడగడానికండి."

ఆయన నైలాను తాడు చుడుతూనే ఉన్నారు. "ఒకటి అడుగుతాను, సెప్పు. నువ్వు సదివినోడివి. నువ్వన్నట్టు అది వట్టి కోడికూరే అయితే, నాను దేనికోసం పస్తున్నట్టు?"

దీని సంగతి ఏ పుస్తకంలోనూ చదివిన గుర్తు లేదు.

"గంగులు బోటెక్కుతున్నాడా?"

"లేదండి. దింపేశారు."

తాడు ఆగింది. ఆ సంగతి ఆయన దాకా రాలేదన్నమాట. లోపలికి వెళ్లి బియ్యం సంచి ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు.

"గున్నమ్మకియ్యి. ఎవరిచ్చారని అడిగితే, అడక్కుండా వండుకోమను."

"మరి తీర్మానం..."

"తీర్మానం తీర్మానమే. బియ్యం బియ్యమే. ఎల్లు, బస్సు పోతాది."

పెన్సిల్‌తో నేను గీత గీసుకున్న మాట, ఎక్కడిదని విచారించకుండా తినండి అన్నది, ఆయన ఏ అధ్యాయమూ చెప్పకుండా చేతికిచ్చారు. ఈయన్ని వేషధారి పరిసయ్యుడు అని ఇదే డైరీ పాత పేజీల్లో ఎన్నోసార్లు రాశాను. ఆ పేజీలు చింపను. ఉండనీ.

జూన్ 30, సోమవారం

రేవుకి వెళ్లాను. నరసింగరావు బోటు పక్కన కొయ్య దుంగ మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. చుట్టూ నలుగురైదుగురు.

"ఏటి సిన్న పాస్టరూ! తల్లి నేదన్నావట. నీ ఎదురుగానే ఉన్నాది, సూడు, కెరటం."

అందరూ నవ్వారు.

"మీ మనసు కష్టపెట్టాను. క్షమించండి."

"నేదన్నందుకా, మైకులో అన్నందుకా?"

అబద్ధం ఆడదామనిపించింది. "మైకులో అన్నందుకు."

"అంటే నేదనే అంటావు."

"ఉందని నేను అనలేనండి. లేదని అరవడానికి నేనెవర్ని, అది మాత్రం తెలిసింది. గంగులుని ఎక్కించుకోండి. మాట తూలింది నేను, అతను కాదు."

నరసింగరావు బీడీ ఇసకలో గుచ్చాడు. "నీ మాట ఇన్న కాడ్నుంచి నా కుర్రోళ్లకి గుండెలు జారిపోనాయి. వల సిరిగితే నీ మాటే, ఇంజిను ఆగితే నీ మాటే. బుధవారం మళ్లీ కోడి కోస్తాను. నువ్వొచ్చి నా సేతి ముద్ద తిను. తింటే గంగులు ఎక్కుతాడు. వట్టి కోడికూరే గదా? నీకేటి బయ్యం?"

ఎవరో వెనక నుంచి అన్నారు: "ఈసారి గున్నమ్మ సేత వండించకు మావా!"

జూలై 1

వట్టి కోడికూరే కదా.

గజపతినగరంలో చిన్నప్పుడు పక్కింటి బుల్లమ్మ పండక్కి ప్రసాదం తెస్తే అమ్మ వినయంగా పుచ్చుకుని, ఆవిడ వెళ్లాక ఆవుకి పెట్టేది. నేను ఒక్కసారి కూడా నోట్లో పెట్టుకోలేదు. ఏ స్వేచ్ఛ కోసం మైకు లాక్కున్నానో అది నా నాలుక్కి తెలియనే తెలియదు.

తింటే నేనూ బల్లకి దూరం. అభిషేకం మాట ఇక ఎత్తక్కర్లేదు. తినకపోతే గంగులు ఒడ్డున.

గిరిబాబు గారు తినలేదు, అది విశ్వాసం. గంగులు తిన్నాడు, అది ఆకలి. నేను తింటే అది ఏమిటి? నిజంగా తెలుసుకోవాలని ఉంది. పుస్తకాలు తిరగేశాను, లేదు.

జూలై 2, బుధవారం

తిన్నాను.

జూలై 3

నిన్న రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తాను.

కోడి కోయడం చూడలేదు. పిలిచాక వెళ్లాను. రాణి ఇంకా నడుం పట్టుకునే తిరుగుతోంది, కూర మాత్రం ఆవిడే వండింది. నరసింగరావు కుండ ముందు కూర్చున్నాడు. మేం వరసగా. గంగులు నా పక్కన.

పసుపూ కుంకమూ మొక్కులూ ఉంటాయనుకున్నాను. ఉన్నాయి. కానీ ముద్ద పెట్టే ముందు నరసింగరావు సముద్రం వైపు తిరిగి పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. వేటకెళ్లి తిరిగి రానివాళ్ల పేర్లు. వాళ్ల తాత, వాళ్ల అన్న, తుపానులో పోయిన తండ్రీ కొడుకులు. ఒక్కో పేరుకీ అందరూ "ఊఁ" అంటున్నారు. ఊఁ కొట్టకూడదనుకున్నాను. మూడో పేరుకి కొట్టాను. ఒక పేరు దగ్గర మాత్రం గంగులు నా చెవిలో అన్నాడు:

"గవరయ్య అంటే మన గిరిబాబుగోరి బాబు."

తర్వాత ముద్ద నా చేతిలో పడింది. లోపలే ప్రార్థన చేసుకున్నాను, ఏమని చేశానో గుర్తు లేదు. తిన్నాను. కూర బాగుంది. రాయడానికి సిగ్గేస్తోంది గానీ బాగుంది.

గంగమ్మ ఉందా అంటే లేదనే అంటాను ఇప్పటికీ. కానీ వట్టి కోడికూర కాదు అది. వట్టిది కాకపోతే ఏమిటో నాకు తెలియలేదు. గంగులు ఈ ఉదయం బోటెక్కాడు.

జూలై 4, శుక్రవారం

పెద్దల ముందు నేనే చెప్పుకున్నాను. మైకు లేకుండా.

అయ్యగారు నేల చూపులు చూశారు. నేనూ క్రిస్మస్ దాకా బల్లకి దూరం. అభిషేకం సంగతి బుధవారం మాట్లాడతారట. అరుద్దామని నోటిదాకా వచ్చింది, నిజం. అరవలేదు.

గిరిబాబు గారు ఒక్కటే అడిగారు. "ముద్ద పెట్టే ముందు ఏటన్నాడు నరసింగరావు? ఎనకట్లాగే పేర్లు సెప్పినాడా?"

"చెప్పాడండి."

"ఎవరెవరివి?"

గుర్తున్నంత వరకు చెప్పాను. గవరయ్య పేరు కూడా.

ఆయన కళ్లజోడు తీశారు. తుడుచుకోలేదు, చేతిలో పట్టుకుని కూర్చున్నారు. "నన్ను దింపీసినాక మా బాబు పేరు తీసేసుంటారనుకున్నాను" అన్నారు. "ఇంకా అంటన్నారా?"

జూలై 5, శనివారం

రేపు బల్ల. రొట్టె ఎవరు చేస్తారని ఈ సాయంత్రం దాకా ఒక్కరికీ తట్టలేదు.

అమ్మగారు నడుం మీద చేతులు పెట్టుకుని అయ్యగారిని కడిగేశారు. "గున్నమ్మని లేపీసినప్పుడు రొట్టె గురించి ఆలోసించినారా? మగోళ్ల తీర్మానాలు ఇలగే ఉంటాయి. నరసన్నపేట బేకరీ నుంచి బన్ను తెప్పించీండి, సరిపోతాది!"

పోనీ నువ్వే చేసెయ్యమన్నారు అయ్యగారు. "నా సేతికి అంత పల్చగా రాదు, ఇరిస్తే పొడైపోతాది" అంటూనే అమ్మగారు గోధుమపిండి డబ్బా చంకనెట్టుకుని గున్నమ్మ ఇంటికి బయల్దేరారు. అయ్యగారు వద్దనలేదు. ఎక్కడికని కూడా అడగలేదు.

జూలై 6, ఆదివారం

వెనక చెప్పుల దగ్గర కూర్చున్నాం. గోడ వైపు గంగులు, మధ్యలో నేను, ఆడవాళ్ల వైపు చివర గున్నమ్మ. గంగులు చెప్పింది నిజమే, గాలి బాగా వస్తుంది. వేట నుంచి నేరుగా వచ్చాడేమో, పాదాలకి ఇంకా ఇసక ఉంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే కునుకు తీస్తున్నాడు.

అయ్యగారు రొట్టె ఎత్తి విరిచారు. పొడైపోలేదు. అది ఎవరి చెయ్యో మందిరంలో అందరికీ తెలుసు. ఎవరూ అడగలేదు.

పళ్లెం పట్టుకుని గిరిబాబు గారు బయల్దేరారు. ఎప్పుడూ ఆయనే తిప్పుతారు. వరస వరసకీ ఆగుతూ వస్తున్నారు. గున్నమ్మ తల దించుకుంది, పళ్లెం వెనక్కి తిరిగిపోవడం చూడకూడదని కాబోలు. ఆఖరి వరస అయ్యాక ఆయన వెనక్కి తిరగాలి.

తిరగలేదు. రెండడుగులు ముందుకొచ్చి మా ముందు నిలబడ్డారు.

ఇవ్వడానికి ఆయన చెయ్యి రాలేదు. తీసుకుపోవడానికి కాళ్లూ రాలేదు. అయ్యగారు బల్ల దగ్గర ఆగిపోయి చూస్తున్నారు. సంఘమంతా చేతుల్లో ముక్కలు పట్టుకుని కూర్చుంది, పళ్లెం బల్ల దగ్గరికి చేరితే గానీ ఎవరూ తినరు. కోపం కాదు, భయం కాదు, నాకు ఒక్కటే ఆత్రం, ఈ మనిషి ఇప్పుడేం చేస్తాడు?

గిరిబాబు గారు మెల్లగా వంగి పళ్లెం చాప మీద మా ముందు పెట్టారు. నడుం నిటారుగా చేసి, కిటికీ వైపు తిరిగి, సముద్రం కేసి చూస్తూ నిలబడ్డారు.

గున్నమ్మ నా వైపు చూసింది. నేను గంగులుని మోచేత్తో పొడిచాను. వాడు ఉలిక్కిపడి లేచి, పళ్లెం చూసి, "మనకేనా?" అన్నాడు పైకే.

ముందు గున్నమ్మ తీసుకుంది. తర్వాత మేము.

కాసేపయ్యాక గిరిబాబు గారు, వెనక్కి చూడకుండానే అడిగారు. "అయిపోనాదా?"

"అయిపోనాది బాబూ" అంది గున్నమ్మ.

ఆయన వంగి పళ్లెం తీసుకున్నారు. అందులో ఎన్ని ముక్కలున్నాయో చూడలేదు.

జూలై 7, సోమవారం

కొమ్ము మైకు దించేశాను. నిచ్చెన గిరిబాబు గారు పట్టుకున్నారు.